రెండో నమూనా

నగరం నడిబొడ్డున లేచిన పెద్ద భవనాల్లో సగానికి పైగా ముందు ఆయన బల్ల మీద లేచినవే. ఇంకా గుంత తవ్వకముందే, క్రేను రాకముందే, కత్తితో, జిగురుతో, యాక్రిలిక్ షీట్లతో ఆయన ఆ భవనాన్ని మోకాలెత్తున నిలబెట్టేవాడు. కొనేవాళ్లు దాని చుట్టూ తిరిగి, వంగి చూసి, తమ అంతస్తు ఏదో వేలితో పోల్చుకుని మురిసిపోయేవాళ్లు. బిల్డర్లందరికీ ఆయన బొమ్మల మేస్త్రి. "బొమ్మలు కావండీ, నమూనాలు" అని కొత్తలో దిద్దేవాడు. తర్వాత ఊరుకున్నాడు. ఎంతమంది నోళ్లని మూయిస్తాడు?

రైలు వంతెన పక్కన రెండు గదుల షెడ్డు ఆయన పనిచోటు. ముందు గదిలో పెద్ద బల్ల, దాని మీదికి వేలాడే దీపం, గోడకి వరసగా కత్తులు, పట్టకార్లు, సన్నటి కుంచెలు. వెనక గది నిండా చెట్లు. ఒళ్లు రుద్దుకునే స్పాంజిని మిక్సీలో వేసి పొడి చేసి, ఆకుపచ్చ రంగులో నానబెట్టి ఆరబోస్తే ఒక అడవికి సరిపడా ఆకులొచ్చేవి. మనుషుల్ని బియ్యపు గింజంత చేసేవాడు. "నేను చేసిన మనుషులు ఇంతవరకూ నన్నొక్క మాట అనలేదు" అని నవ్వేవాడు. అన్నవాళ్లంతా నిజం మనుషులే. వాళ్లు అన్నదాంట్లో తప్పు కూడా లేదు.

ఏడేళ్ల కిందటి మాట. ఆయన పుట్టి పెరిగిన సందు నగరం మధ్యలోనే ఉండేది. ముప్ఫై ఒక్క ఇళ్లు. కింద కొట్టు, పైన కాపురం. వాచీలు బాగుచేసేవాడు, తాళాలు చేసేవాడు, జిరాక్సు దుకాణం, ఇస్త్రీ బండి, చిట్టచివర ఆయన బావ సెలూన్. చుట్టూ అద్దాల మేడలు లేస్తుంటే ఆ సందు పళ్ల మధ్య ఇరుక్కున్న పీచులా మిగిలింది. ఒక పెద్ద కంపెనీ చైర్మన్ కన్ను దాని మీద పడింది. సందువాళ్లు ససేమిరా అన్నారు. ఆశపెడితే లొంగలేదు, బెదిరిస్తే బెదరలేదు. అప్పుడు చైర్మన్ ఒక తెలివైన పని చేశాడు. బొమ్మల మేస్త్రిని పిలిపించాడు.

"ముప్ఫై ఆరంతస్తుల టవర్ కడతాం. తూర్పు మూలన మీవాళ్లకి నాలుగంతస్తుల భవనం. కింద కొట్లు, పైన ఇళ్లు, ఇప్పుడెలా ఉన్నారో అలాగే. నమూనా నువ్వే చెయ్యి. మీవాళ్లకి నచ్చేలా నీకంటే బాగా ఎవరు చేస్తారు?" అన్నాడు.

మేస్త్రి నెల రోజులు తిండి ధ్యాస లేకుండా పనిచేశాడు. టవర్‌ని పది రోజుల్లో ముగించి, మూలనున్న చిన్న భవనానికి ఇరవై రోజులు పెట్టాడు. వాచీల కొట్టు బోర్డు మీద గడియారం ముళ్లు, ఇస్త్రీ బండి మీద గోరంత బట్టల మూట, బావ సెలూన్‌లో అగ్గిపుల్ల తలంత అద్దం. సందు సందంతా వచ్చి చూసింది. అక్క వంగి, రెండో అంతస్తులో తన కిటికీ ఏదో వెతికి పట్టుకుంది.

"ఎండ ఇటునుంచి వస్తుందా?" అని అడిగింది.

"పొద్దున్నంతా ఉంటుందక్కా."

బావ ఒక్కడే కాస్త తటపటాయించాడు. "కాగితంలో ఈ మూల భవనం మాట లేదు కదరా" అన్నాడు.

"నా చేత్తో చేశాను బావా. నా మీద నమ్మకం లేదా?"

ఆ ఒక్క మాట మీద ముప్ఫై ఒక్క ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు.

ఇళ్లు కూలిన కొన్ని నెలలకి తూర్పు మూలన ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి, కార్లు సెల్లార్‌లోకి దిగే దారి వచ్చింది. నాలుగంతస్తుల భవనం రాలేదు. సందువాళ్లు గుంపుగా ఆఫీసుకి వెళ్తే చైర్మన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "నమూనా అంటే ఊహ మాత్రమే. దాని కిందే రాసి ఉంది కదా, చూసుకోలేదా?" రాసే ఉంది. ఇత్తడి రేకు మీద, చీమ తలకాయంత అక్షరాల్లో. కంపెనీ పంపిస్తే మేస్త్రే దాన్ని జిగురు పెట్టి అంటించాడు. చదవలేదు.

ముప్ఫై ఒక్క కుటుంబాలూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. అక్కా బావా ఊరి చివర ఒక గదికి చేరారు. అక్కడ బావ మొహం ఎవరికి తెలుసు? ఇరవై ఎనిమిదేళ్లు ఒకే వీధి గడ్డాలు గీసిన చెయ్యి ఖాళీగా ఒళ్లో పడి ఉండేది. రెండో ఏడు ఒక మధ్యాహ్నం కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆఖరిదాకా బామ్మర్దిని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మేస్త్రికి ఇప్పటికీ అనిపిస్తుంది. అనాల్సింది అక్క అంది, శవం ఇంకా ఇంట్లో ఉండగానే.

"నీ చేత్తో చేశానన్నావు కదరా. ఇదిగో, ఇది కూడా నీ చేత్తో చేసిందే. చూసుకో."

అదే ఆఖరు. మళ్లీ ఆమె తమ్ముడితో మాట్లాడలేదు.

ఇంకొకడైతే ఆ కంపెనీ గడప తొక్కేవాడు కాదు. మేస్త్రి తొక్కాడు. వాళ్లు ఏ పని చెప్పినా చేశాడు. చైర్మన్ ఎదురైతే నవ్వి నమస్కారం పెట్టాడు. సందువాళ్లు బజార్లో కనపడితే మొహం తిప్పుకునేవాళ్లు. తాళాలాయనైతే ఒకసారి ఎదురుగానే కాండ్రించి ఉమ్మాడు. అమ్ముడుపోయాడని అందరూ చెప్పుకున్నారు. మేస్త్రి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. దూరంగా ఉండి పళ్లు నూరితే అరిగేది తన పళ్లే. దగ్గరుంటేనే ఎప్పుడో ఒకప్పుడు సందు దొరుకుతుంది. సందు పోగొట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా?

ఏడో ఏట దొరికింది.

ఆ కంపెనీలో సేల్స్ మేడమ్ అని ఒకామె ఉండేది. ముప్ఫై దాటని పిల్ల. మేస్త్రిని అంకుల్ అనేది. ఒకసారి ఆయన జ్వరంతో వణుకుతూ బల్ల మీద వాలిపోయి కనపడితే, తన కార్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మందులు కొనిచ్చి, ఇంటి దగ్గర దింపి వెళ్లింది. ఆ కంపెనీ మొత్తంలో ఆయన ఎంత ప్రయత్నించినా ద్వేషించలేకపోయిన మనిషి ఆమె ఒక్కతే.

ఒక ఉదయం ఆమె డ్రాయింగుల చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది.

"అంకుల్, ఈసారి రెండు నమూనాలు కావాలి. స్థలం ఒకటే, పీట కొలత కూడా ఒకటే."

మొదటిదాంట్లో ఏడేళ్ల కిందట కూల్చిన సందు మీద లేచిన టవర్, దాని ముందు తోట. ఫౌంటెను, నడిచే దారి, పిల్లల ఊయలలు, పెద్దవాళ్లు కూర్చునే బల్లలు. రెండోదాంట్లో అదే టవర్. కానీ తోట ఉండాల్సిన చోట నలభై రెండంతస్తుల కొత్త టవర్. రెండింటి మధ్యా ఎడం, నమూనా కొలతలో, నాలుగు వేళ్లు.

మేస్త్రి రెండు డ్రాయింగుల్నీ మార్చి మార్చి చూశాడు. "ఇందులో కట్టేది ఏదమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "రెండోది. మొదటిది పాత టవర్ ఓనర్ల మీటింగులో పెడతాం. తోట వాళ్లందరి ఉమ్మడి స్థలం కదా, మూడింట రెండొంతుల మంది ఒప్పుకోందే ముట్టుకోవడానికి లేదు. తోట బాగుచేస్తామని చెప్పి సమ్మతి పత్రం మీద సంతకాలు తీసుకుంటారు. లోపల ఎక్కడో ఒక లైను ఉంటుంది, కంపెనీ తనకి తగినట్టు ఆ స్థలాన్ని అభివృద్ధి చేసుకోవచ్చు అని. రెండో నమూనా అదే రోజు మధ్యాహ్నం మన ఆఫీసులో, పెట్టుబడి పెట్టేవాళ్లకి."

"పాపం కదమ్మా వాళ్లు."

"నాకు మాత్రం సరదానా అంకుల్? చెప్పింది చెయ్యకపోతే నా కుర్చీలో ఇంకొకళ్లు కూర్చుంటారు."

మేస్త్రి తలూపాడు. లోపల మాత్రం నిప్పు మీది బూడిద ఎవరో ఊదినట్టయింది. అదే ఎత్తు. అదే స్థలం. ఏడేళ్లలో కొత్త మోసం ఆలోచించే శ్రమ కూడా పడలేదు ఆ మనిషి. ఒకసారి పారిన పాచికే మళ్లీ వేస్తున్నాడు, మళ్లీ ఇదే చేత్తో.

"సరేనమ్మా. కాకపోతే రెండూ ఒకే పీట మీద ఉంటాయి, రేపు ఏది ఎక్కడికో తికమక పడతాం. ఏ నమూనా ఎవరికి, ఏ డ్రాయింగు ప్రకారం, అన్నది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు. వయసు మీద పడింది కదా, మతిమరుపు" అన్నాడు.

ఆమె నవ్వి రాసిచ్చింది. కంపెనీ పేరున్న కాగితం మీదే. 'నమూనా ఒకటి: ఓనర్ల సమావేశానికి, తోటతో. నమూనా రెండు: పెట్టుబడిదారులకు, అసలు ప్లాను ప్రకారం.' కింద తేదీ, ముద్ర, సంతకం. మేస్త్రి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచాడు. నోటి మాట విలువెంతో ఆయనకి ఒకసారి తెలిసొచ్చింది.

పని ఐదు వారాలు పట్టింది. తోటలో నాటిన ప్రతి చెట్టూ ఒట్టిదని తెలిసే నాటాడు. రెండో నమూనాకి మాత్రం ప్రాణం పెట్టాడు. కొత్త టవర్ ఎత్తు డ్రాయింగులో ఎంత ఉందో అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. ఆపైన ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. వేలాడే దీపాన్ని పక్కకి లాగి, పొద్దున తొమ్మిది గంటల సూర్యుడుండే ఎత్తులో కట్టి, కొత్త టవర్ నీడ పాతదాని మీద ఎంతమేర పడుతుందో చూశాడు. కింది బాల్కనీ నుంచి పై బాల్కనీ దాకా ఒక్కటి మిగల్లేదు. నీడ పడినంత మేరా సన్నగా బూడిద రంగు పూశాడు.

సేల్స్ మేడమ్ రెండింటినీ చూసి సరే అనుకుంది. "ఈ నీడ భలే వేశారు అంకుల్, నిజంగా ఉన్నట్టుంది" అని మెచ్చుకుంది కూడా. రెండు నమూనాలకీ నల్లగుడ్డలు కప్పి, పెట్టెల్లో పెట్టి మేకులు కొట్టారు. పెట్టెల మీద ఒకటి, రెండు అని అంకెలు వేసింది మాత్రం మేస్త్రే. ఆ వెయ్యడంలోనే ఉంది అంతా.

మీటింగు రోజు పొద్దున్నే ఆయన పెట్టెతో పాటు టవర్‌కి వెళ్లాడు. కట్టాక ఆ లోపలికి వెళ్లడం అదే మొదలు. నేలంతా పాలరాయి. రిసెప్షన్ బల్ల ఉన్నచోట ఇస్త్రీ బండి ఉండేది. లిఫ్టులున్నచోట బావ సెలూన్. లిఫ్టు తలుపులకున్న అద్దంలో తన మొహం చూసుకుని, ఇక్కడ ఇంకో మనిషి మొహం కనపడాల్సింది అనుకున్నాడు.

మీటింగు హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, రిటైరైనవాళ్లు. వాళ్ల మీద మేస్త్రికి ప్రేమేమీ లేదు. అక్క నడిచిన నేల మీద కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్లే వీళ్లంతా. ఎవరూ ఏనాడూ ఇక్కడ ఇంతకు ముందు ఏముండేది అని అడిగి ఉండరు. ఆయన వాళ్ల కోసం ఏదీ చెయ్యడం లేదు. కత్తికి పిడి కావాలి, ఈ పూటకి వీళ్లు పిడి.

ప్రతి కుర్చీలోనూ ఒక సమ్మతి పత్రం, ఒక కొత్త పెన్ను. చైర్మన్ తెల్లచొక్కాతో, మెత్తటి గొంతుతో మాట్లాడాడు. మనదంతా ఒకే కుటుంబం అన్నాడు. మీ పిల్లలు ఆడుకోవడానికి, మీ పెద్దవాళ్లు నడవడానికి కంపెనీ ఇస్తున్న కానుక ఇది అన్నాడు. కొందరు అప్పుడే పెన్నుల మూతలు తీశారు. చైర్మన్ జనం వైపే నవ్వుతూ చూస్తూ, వెనక్కి చెయ్యి చాచి నల్లగుడ్డ లాగాడు.

ముందు వరసలో అలవాటు కొద్దీ చప్పట్లు మొదలయ్యాయి. రెండో వరసకి వచ్చేసరికి పలచబడ్డాయి. మూడో వరసకి చేరనే లేదు.

ఓనర్ల సంఘానికి అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరూ టీచరమ్మ అంటారు. ఆమె లేచి, కళ్లజోడు సర్దుకుని, నమూనా చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగింది. పాత టవర్ పదకొండో అంతస్తు మీద వేలు పెట్టింది. వేలు బూడిద రంగులో ఉంది.

"ఇది మా బాల్కనీ. దీని ముందున్నది ఏమిటండీ?"

చైర్మన్ అప్పుడు తిరిగి చూశాడు. చూసి, సేల్స్ మేడమ్ వైపు చూశాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏదో పొరపాటు జరిగిందమ్మా. ఇది మేం ఎప్పుడో వద్దనుకున్న ఆలోచన" అన్నాడు. అని, నవ్వు మళ్లీ తెచ్చుకున్నాడు. "అయినా నమూనా అంటే ఊహ మాత్రమే. బొమ్మలు చేసేవాడు తన సరదా కొద్దీ ఏదో పెట్టి ఉంటాడు."

గోడ పక్కన నిలబడ్డ మేస్త్రి ఈ రోజు కోసం ఏడేళ్లుగా మనసులో ఒక పెద్ద ఉపన్యాసం దిద్దుకున్నాడు. అందులో ఒక్క ముక్క నోటికి రాలేదు. రెండడుగులు ముందుకేసి, లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

"సరదాకి చెయ్యలేదమ్మా. కంపెనీ రాసిచ్చిన ఆర్డరు ప్రకారం చేశాను. ఇదిగో."

సేల్స్ మేడమ్ ఆయన్నే చూస్తోంది. వద్దన్నట్టు తల చాలా కొద్దిగా ఆడించింది. కాగితంలో అట్టడుగున ఆమె సంతకం ఉంది. ముద్ర దానికి పైనే ఉంది. కింది అంచు రెండు వేళ్ల మేర మడిచి చింపితే ఆమె బయటపడేది. మేస్త్రి చెయ్యి రెప్పపాటు ఆగింది. సంతకం లేని కాగితాన్ని ఎవడో పుట్టించాడని చైర్మన్ అంటాడు, అనకుండా ఉండడు. ఏడేళ్లు ఒకవైపు, జ్వరం వచ్చిన ఒక మధ్యాహ్నం ఒకవైపు. ఆయన కాగితం మొత్తంగా ఇచ్చేశాడు.

టీచరమ్మ దాన్ని పాఠం చదివినట్టు గట్టిగా, విరామాలతో సహా చదివింది. 'అసలు ప్లాను ప్రకారం' అన్నచోట ఆగి, ఆ ముక్క రెండోసారి చదివింది. తర్వాత తన కుర్చీలోని సమ్మతి పత్రాన్ని తీసి, నిలువునా చింపి, ముక్కల్ని నమూనా పీట మీద పెట్టింది.

"సంతకం పెట్టినవాళ్లు ఎవరన్నా ఉంటే చింపెయ్యండి" అంది.

రెండు వందల కాగితాలు చినిగే చప్పుడు ఎలా ఉంటుందో మేస్త్రికి ఆ రోజు తెలిసింది. ఆ తర్వాతి అరుపులు, తోపులాట, ఎవరో వకీలుకి ఫోన్ చెయ్యడం, ఇవేవీ ఆయన పట్టించుకోలేదు. చైర్మన్‌నే చూశాడు. చేతిలో నల్లగుడ్డ అలాగే పట్టుకుని ఉన్నాడు ఆ మనిషి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. గుడ్డ అంచు వణుకుతోంది. దాహం వేసినవాడు నీళ్లు తాగినట్టు మేస్త్రి ఆ వణుకుని చూశాడు.

టవర్ నుంచి కబురు ఇంకా చేరని ఆఫీసులో మధ్యాహ్నం ఇంకో తమాషా జరిగిందట. నలభై రెండంతస్తుల లాభం కోసం వచ్చిన పెట్టుబడిదార్ల ముందు గుడ్డ తీస్తే ఊయలలు, ఫౌంటెను కనపడ్డాయి. వాళ్లు ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే టీచరమ్మ వకీలుని వెంటబెట్టుకుని, ఎనిమిది మంది ఓనర్లతో తలుపు తోసుకుని వచ్చింది. పెట్టుబడిదార్లు టీ కప్పులు సగంలో వదిలేసి మెల్లగా జారుకున్నారు.

మర్నాడే సేల్స్ మేడమ్ షెడ్డుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నన్ను తీసేశారు" అంది. "పోలీసు కేసు కూడా నా మీదే పెడతామంటున్నారు, కంపెనీకి తెలియకుండా నేనే రాసిచ్చానట."

మేస్త్రి చేతిలోని కుంచె కడిగి గుడ్డకి తుడిచాడు.

"మీకు ఆయన మీద ఏదో ఉందని నాకిప్పుడు అర్థమైంది అంకుల్. ఉండొచ్చు. అడుగున రెండు వేళ్లు చింపి ఇచ్చుంటే సరిపోయేది కదా."

"నువ్వు లేకపోతే వాడు తప్పించుకునేవాడమ్మా."

"మరి నేను?"

ఆమె, నమూనాలు తీసుకెళ్లడానికని ఆయన ఇచ్చిన షెడ్డు రెండో తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె పని పోవాలని ఆయన కోరుకోలేదు. కానీ మళ్లీ ఆ క్షణం వస్తే మళ్లీ అలాగే ఇస్తానని కూడా ఆయనకి తెలుసు. ఆ తెలియడం ఒంటికి పట్టని మందులా లోపలే ఉండిపోయింది. తర్వాత పోలీసులు పిలిచినప్పుడు, కంపెనీ చెప్పిందే ఆమె రాసింది తప్ప ఇంకేమీ చెయ్యలేదని చెప్పి వచ్చాడు. అది ఆమెకి పనికొచ్చిందో లేదో తెలియలేదు. ఆమె మళ్లీ కనపడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం చైర్మనే వచ్చాడు. ఒంటరిగా. కారు వంతెన అవతల ఆపి, ఇవతలికి నడిచొచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఎవరు కొన్నారు నిన్ను?"

"ఎవరూ కొనలేదు సార్."

"పోటీవాళ్లలో ఎవరో ఒకరు ఉంటారు. పేరు చెప్పు చాలు. నిన్నేమీ అనను."

మేస్త్రి చేతిలోని కత్తి బల్ల మీద పెట్టాడు. ఈ ఘడియ ఎన్నిసార్లు కలలో వచ్చిందో. "నా మొహం గుర్తుందా సార్?" అన్నాడు.

"రోజూ చూసే మొహమేగా."

"అంతకు ముందు. తూర్పు మూల నాలుగంతస్తుల భవనం. ముప్ఫై ఒక్క ఇళ్లు."

చైర్మన్ నుదురు ముడిపడింది. నటించడం లేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. "బ్యాంకు వెనక స్థలమా? అక్కడ గోడౌన్లు కదా ఉండేవి?"

"గోడౌన్లు కావు. సందు. చివర సెలూన్ మా బావది. మీరు ఇస్తామన్న కొట్టు ఇవ్వలేదు. మా బావ పోయాడు."

"అయ్యో" అన్నాడు చైర్మన్, దారిలో ఎవరిదో చావు కబురు విన్నట్టు. "ఏమైంది, గుండెపోటా?"

"నీ వల్ల పోయాడు."

'మీరు' కాస్తా 'నువ్వు' అయినట్టు ఇద్దరికీ ఒకేసారి వినపడింది. చైర్మన్ కళ్లు పెద్దవయ్యాయి.

"నా వల్లా? నేనసలు ఆయన్ని చూడనైనా లేదు మేస్త్రీ."

అందులో అబద్ధం లేదు. మేస్త్రిని కాల్చింది అదే. ఏడేళ్లుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఈ మనిషిని తలుచుకున్నాడు, దంతధావనం చేస్తూ తలుచుకున్నాడు. ఈ మనిషి తలలో మాత్రం సందుకి, సెలూన్‌కి, బావకి బియ్యపు గింజంత చోటు కూడా లేదు. దెబ్బ తగిలింది, బలంగానే తగిలింది. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో తెలియకుండానే ఈ మనిషి ఆ దెబ్బ మోసుకుని తిరుగుతాడు. రాయి పడ్డట్టు. వాన పడ్డట్టు.

"లే" అన్నాడు మేస్త్రి. "లేచి బయటికి నడు. ఇది నా చోటు."

చైర్మన్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పోటీవాడు ఎవరో చెప్పి ఉంటే బాగుండేది కదా" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. మేస్త్రి తలుపు వేశాడు.

ఆపైన జరగాల్సినవి జరిగాయి. కోర్టు కొత్త టవర్‌కి అడ్డుకట్ట వేసింది. ఆ కంపెనీ కట్టిన మిగతా భవనాలవాళ్లు కూడా తమ కాగితాలు బయటికి తీసి వెతకడం మొదలుపెట్టారు, వెతికినవాళ్లకి దొరికాయి. భాగస్వాములు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఏడాది తిరక్కుండానే చైర్మన్ కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. మేస్త్రికి మాత్రం ఏ బిల్డరూ మళ్లీ పని ఇవ్వలేదు. ఇంటి గుట్టు బయటపెట్టేవాడికి బొమ్మ చెయ్యమని ఎవరిస్తారు? టీచరమ్మే నాలుగు బడులకి చెప్పి, పాఠాలకి పనికొచ్చే నమూనాలు చేయించింది. అగ్నిపర్వతాలు, ఆనకట్టలు, మనిషి దవడలు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఒక దవడకి పళ్లు అతికిస్తున్నాడు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఐదేళ్లు దాటాక. జుట్టు మొత్తం నెరిసింది. చేతిలో సంచి ఉంది, దాన్ని కింద పెట్టాలా వద్దా అని తేల్చుకోలేనట్టు పట్టుకుంది.

"తాళాలాయన చెప్పాడు" అంది. "నిజమేనా?"

"నిజమే అక్కా."

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. "చెప్పు" అంది.

చెప్పాడు. రెండు డ్రాయింగుల సంగతి, పెట్టెల మీది అంకెల సంగతి, చప్పట్లు మూడో వరసకి చేరకపోవడం. కాగితాలు చినిగిన చప్పుడు దగ్గర అక్క ఆపి, "అందరూనా?" అని అడిగింది. అందరూ అన్నాడు. చైర్మన్ చేతిలో గుడ్డ వణికిన సంగతి ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. సేల్స్ మేడమ్ మాట ఆయన చెప్పలేదు. చైర్మన్ షెడ్డుకి వచ్చాడనేసరికి అక్క ముందుకి వంగింది.

"ఇక్కడికే వచ్చాడా?"

"నువ్వు కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు."

అక్క ఒకసారి స్టూలు వైపు చూసుకుంది. లేవలేదు. "వాడికి మీ బావ గుర్తున్నాడా?"

మేస్త్రి చేతిలోని పన్నుని పట్టకారుతో సహా బల్ల మీద పెట్టాడు.

"గుర్తున్నాడక్కా."

"ఏమన్నాడు?"

"సెలూన్ ఆయన కదా, ఎప్పుడూ భుజం మీద తెల్ల తువ్వాలు ఉండేది, అన్నాడు."

"నీలం తువ్వాలు."

"నీలమే. నేనే తప్పు చెప్పాను. వాడు నీలమనే అన్నాడు."

అక్క తలూపింది. పెదవులు బిగించి, చాలాసేపు అలాగే తలూపుతూ ఉంది. "ఆ తర్వాత?"

"తల దించుకున్నాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు."

"ఏడ్చాడా?"

"కళ్లు తుడుచుకున్నాడు."

"ఏడవాలి" అంది అక్క. "ఇంకా ఏడవాలి." ఒళ్లోని సంచి తీసి కింద పెట్టింది. ఆమె మొహం మీదికి ఐదేళ్లుగా లేని రంగు వచ్చింది. స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, మోచేతులు బల్ల మీద ఆనించింది.

"మళ్లీ మొదట్నుంచీ చెప్పు. ఎలా వచ్చాడు? కార్లోనా?"

"కారు వంతెన అవతల ఆపాడక్కా" అని మొదలుపెట్టాడు మేస్త్రి. అంతవరకూ నిజమే.